నడి బురదలో దించిన పల్లకీ

మా రాజుగారి పాదాలు ఎలా ఉంటాయో సక్‌టున్ నగరం వాళ్ళని ఎవరినడిగినా తెల్లముఖం వేస్తారు. నన్నడగండి. మామూలు పాదాలే. కుడికాలి చిటికెన వేలి పక్కన ఒక ఆనె కూడా ఉంది. ఈ మాట అన్నందుకు ఒకప్పుడైతే నా నాలుక కోసేవారు. ఇప్పుడు కోసేవాళ్ళు లేరు, కోయించేవాళ్ళూ లేరు. కాబట్టి తీరిగ్గా చెబుతాను, వినండి.

నా పేరు టోక్. మాది పల్లకీ వంశం. మా తాత మోశాడు, మా నాన్న మోశాడు, నేను ఇరవై రెండేళ్ళు మోశాను. ఎనిమిది మంది బోయీల్లో ముందు వరస కుడి దండె నాది. ఆ చోటు ఊరికే రాదు. దండె భుజం మీద ఉన్నంతసేపు బోయీ నోరు విప్పకూడదన్నది మా కట్టుబాటు. ముందు కుడివాడు ఒక్కడికే మాట ఉంటుంది. అదీ మూడంటే మూడే మాటలు: ఎత్తు, మార్చు, దించు. ఎత్తు అంటే లేవాలి, మార్చు అంటే భుజం మార్చాలి, దించు అంటే దించాలి. మధ్యలో ఆలోచన అనేది ఉండదు. మాట చెవిన పడీ పడగానే ఒళ్ళే ఆ పని చేసేస్తుంది. వెనక వరసలో సినాన్ అని, నాకంటే కాస్త చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు ఒకడుండేవాడు. పిల్లలు ఆటలో 'మార్చు' అని అరిస్తే, వాడు నిద్రలోనే కప్పుకున్న దుప్పటి కుడి భుజం మీంచి ఎడమ భుజం మీదికి వేసుకున్నాడని వాడి పెళ్ళాం ఊరంతా చెప్పి నవ్వేది.

ఇక ఆ పల్లకీకి ఉన్న మడి అంతా ఇంతా కాదు. ప్రయాణానికి ఐదు రోజుల ముందు నుంచే మాకు ఉప్పు లేదు, మిరపకాయ లేదు, పెళ్ళాం పక్కన పడుకోవడం లేదు. భుజాలకి ధూపం పట్టి ఎర్రరంగు పూస్తారు. అలా పూసిన ఎనిమిది మంది తప్ప ఇంకెవరి ఒళ్ళూ దండెకి తగలకూడదు. తగిలితే చెయ్యి కుళ్ళి రాలిపోతుందట. మా నాన్న అలాంటివాణ్ణి ఒకణ్ణి కళ్ళారా చూశాననేవాడు. మా నాన్న చాలా చూశాననేవాడు లెండి. కట్టుబాటు రాజుకీ ఉంది. బలికని బయల్దేరి పల్లకీ ఎక్కాడంటే, బలిపీఠం మీద దిగేదాకా ఆయన పాదం నేలకి తగలకూడదు. ఆయన ఒంటిని ఇంకొకరు ముట్టుకోకూడదు, ముట్టుకున్న చేతిని నరికేస్తారు. నేల తగిలిన పాదంతో పీఠమెక్కితే ఆ బలి దేవుడికి చెల్లదు.

నేను చెప్పబోయే ఏటికి వానలు మొహం చాటేసి మూడేళ్ళు. మొక్కజొన్న మోకాలెత్తు లేచి అక్కడే ఎండిపోయేది. రాజుగారి చెరువు అడుగంటి పచ్చటి నురగ మిగిలితే దాన్నే గుడ్డలో వడగట్టుకుని తాగేవాళ్ళం. సరిగ్గా అదే ఏడు, ఇరవై ఏళ్ళ లెక్క ముగిసే రోజు వచ్చిపడింది. రోజులు లెక్కకట్టే పెద్దలు చెప్పిందేమిటంటే, ఆ రోజు నీడ కాళ్ళ కిందికి వచ్చే వేళకి, వానదేవుడు చాక్ కొండ మీద, యుద్ధంలో పట్టుకొచ్చిన వీరుణ్ణి రాజు తన చేత్తో బలివ్వాలి. మర్నాడు ఇస్తే కుదరదు. ఇంకొకరి చేత్తో ఇస్తే కుదరదు. ఆ వేళ దాటిందా, మళ్ళీ ఇరవై ఏళ్ళకే.

సరే, యుద్ధానికి వెళ్ళారు. మడుగుల రాజ్యం మీదికి అన్నారు. వెళ్ళిన పదహారో రోజుకి పదకొండు మంది బందీలతో తిరిగొచ్చారు. బందీల ఒంటినిండా సున్నం, మొహాలకి మసి, మెడలకి తాళ్ళు. గెలుపు ఊరేగింపులో రాజుని మోసింది మేమే. దించాక నేనూ అందరితోపాటు గొంతు చించుకుని జేజేలు కొట్టాను. ఆ సంగతి దాచను. తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

నాకు ఒక్కతే కూతురు, ముకుయ్. మాలో పెళ్ళయ్యాక అల్లుడు ఐదేళ్ళు మామ ఇంట్లోనే ఉండి చాకిరీ చేయాలి. మా ఇల్లరికపు అల్లుడి పేరు షుల్. హల్తున్ పల్లె కుమ్మరి వాడు. హల్తున్ అంటే ఎక్కడో పరాయి రాజ్యం కాదు. చిత్తడి నేలలకి అవతల, మా రాజు నీడలోనే ఉన్న పల్లె. ఏటా మా నగరానికి మొక్కజొన్న పంపేది. షుల్‌కి పని వచ్చు, కాని పనికంటే నోరు ఎక్కువ వచ్చు. పిట్ట కొంచెం, కూత ఘనం. యుద్ధానికి కొన్నాళ్ళ ముందు, ఒకనాడు పదిమందిలో నా నడక చూసి, "మామా, నీ కుడి భుజం పనైపోయింది. పల్లకీ కుడికి వాలుతోంది" అన్నాడు. అది నిజం. నిజమే కాబట్టి నాకు ఒళ్ళు మండింది. నా పల్లకీ సంగతి నీకెందుకు, నీ ఊరు పోయి కుండలు చేసుకో, వానలు పడేదాకా నా గుమ్మం తొక్కకు అని తరిమేశాను. వాడు నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. అప్పటికి నా కూతురికి ఏడో నెల. ఆనాటి నుంచి అది నా ముందు గిన్నె పెట్టేది కాని నాతో మాట్లాడేది కాదు.

చాక్ కొండకి రెండు రోజుల నడక. పదకొండు మందిలో ఒకణ్ణి ఏరారు, మిగతా పది మందిని నగరంలోనే రాళ్ళ పనిలో పెట్టారు. మొహంతో సహా ఒళ్ళంతా నీలం రంగు పూసి, చెవులకి చెట్టుబెరడు కాగితపు పీలికలు కట్టి, చేతులు వెనక్కి విరిచి కట్టి ముందు నడిపించారు. వెనక మేమూ పల్లకీ. చుట్టూ ముప్పై మంది సైనికులు, వాళ్ళ మీద కాబన్ అనే దళనాయకుడు. మొదటి రోజు మధ్యాహ్నం చెట్ల కింద పల్లకీని దాని కర్రపీట మీద దించాం. మాకు ఉప్పులేని మొక్కజొన్న జావ పోశారు. బందీకి నీళ్ళు తాగించడానికి ఒక ముసలి సైనికుడు వాణ్ణి మా పక్కగా తీసుకొచ్చాడు. వాడు తాగి, తుడుచుకోవడానికి చేతులు లేక మూతిని భుజానికి రాసుకుని, నా వంక చూసి మెల్లిగా అన్నాడు: "మామా, ఇంకా కుడికే వాలుతోంది."

నా చేతిలో జావ గిన్నె జారిపోయింది. ఆ నీలం కింద వాడి మొహాన్ని వెతుక్కోవడానికి నాకు కాసేపు పట్టింది. ముసలి సైనికుడు నీళ్ళ సొరకాయబుర్ర నింపుకోవడానికి అవతలికి వెళ్ళాడు. కావాలనే వెళ్ళాడేమో నాకు తెలియదు. ఆ కాస్త సమయంలో వాడు చెప్పిందంతా చెప్పాడు. మడుగుల రాజ్యం కోట దగ్గరికి వెళ్ళి, ఆ గోడలు చూసి, మనవాళ్ళు కాలికి బుద్ధి చెప్పారట. ఉత్తి చేతులతో ఇంటికెలా వస్తారు? దారిలో హల్తున్ కనిపించింది. తెల్లారగట్ల పడ్డారట. ఇళ్ళు కాల్చి, చేతికందిన పదకొండు మందిని కట్టేసి, వీరులని పేరు పెట్టి తెచ్చారు.

"నాకు యుద్ధమంటే ఏంటో తెలీదు మామా," అన్నాడు. "కుండలు కాలుస్తున్నా. వచ్చి కుండలు కూడా పగలగొట్టారు." ముకుయ్ ఎలా ఉందని అడిగాడు. ఎనిమిదో నెల వచ్చిందని చెప్పాను. తను హల్తున్‌లోనే ఉన్నాడని, వానలు పడ్డాక వస్తాడని దానికి చెప్పమన్నాడు. వాణ్ణి ఆ పల్లెకి తరిమింది నేను. ఆ మాట వాడు అనలేదు. అని ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

కంచే చేను మేసింది. మా మొక్కజొన్న తినే రాజు మా మనుషులకి రంగులు పూసి శత్రువులని చెప్పాడు, నేను జేజేలు కొట్టాను. తిన్నగా కాబన్ దగ్గరికి వెళ్ళి, ఇతను శత్రువు కాదు, హల్తున్ కుమ్మరి, నా కూతురి మొగుడు అని చెప్పాను. ఏదో పొరపాటు జరిగింది, తెలిస్తే సర్దుతారని ఎక్కడో ఆశ. కాబన్ మొహంలో ఆశ్చర్యమన్నదే లేదు.

"తెలుసు," అన్నాడు. "మడుగులవాళ్ళ మీదికెళ్ళే బలం మనకింకా ఎక్కడుంది? దేవుడికి ఓ మనిషి కావాలి, జనానికి ఓ గెలుపు కావాలి. నోరు మూసుకుని మొయ్యి టోక్. ఇంకో అల్లుడు దొరక్కపోడు."

మోశాను. ఆ పూటంతా మోశాను. ఎదురుగా వాడి నీలం వీపు కనిపిస్తూనే ఉంది. ఇరవై రెండేళ్ళలో ఆ పల్లకీ అంత బరువు ఎప్పుడూ లేదు. రాత్రి మజిలీలో ఒక్క రెప్ప వేయలేదు, వేసి ఉంటే ఏదన్నా ఉపాయం తట్టేదేమో. తెల్లారేసరికి నా దగ్గర ఉపాయం లేదు, ఏమీ లేదు. కోపం ఒక్కటే ఉంది.

రెండో రోజు దారి చిత్తడి నేల మీదుగా పోతుంది. మా నాన్న కాలంలో ఏటా ఎండాకాలంలో ఆ దారికి కొత్త రాళ్ళు పరిచి సున్నం పోసేవారు. ఇప్పుడు రాయన్నదంతా గుళ్ళ మీదికి ఎక్కింది, దారి బురదలోకి దిగింది. మూడేళ్ళ ఎండకి పైన పెచ్చు కట్టి, చూడ్డానికి గట్టి నేలలాగే ఉంటుంది. పక్కకి కాలు పెడితే తొడదాకా దిగుతుంది. అడుగున పాత రాళ్ళు ఎక్కడున్నాయో బోయీల కాళ్ళకి తెలుసు. సైనికులు బల్లేల కర్రలతో పొడిచి చూసుకుంటూ ఒకరి వెనక ఒకరు నడుస్తారు. సరిగ్గా నడి బురదలో, పల్లకీ పట్టేటంత బల్లపరుపు రాయి ఒకటి పైకి తేలి ఉంటుంది. అక్కడ భుజం మార్చడం మా తాతల నాటి అలవాటు.

పొద్దు బాగా పైకెక్కింది. ఎదురుగా చాక్ కొండ. పైన ధూపం పొగ లేస్తోంది, పూజారులు ఎదురుచూస్తున్నారు. రాయి దగ్గరికి వచ్చాం. నేను 'మార్చు' అనాలి.

"దించు," అన్నాను.

ఏడుగురూ దించేశారు. పల్లకీ రాయి మీద కూర్చుంది. ముందే అనుకుని చేశావా అని ఇప్పటికీ అడుగుతారు. లేదు. నా నోట్లోంచి ఆ మాట వచ్చాకే నాకూ తెలిసింది. కాని వచ్చాక దాన్ని వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. దండె వదిలెయ్యండి అన్నాను. అది మా మూడు మాటల్లో లేనిది. ఏం తోచక వదిలేశారు. నేను నాలుగడుగులు అవతలికి వెళ్ళి, అడుగున రాయి ఉన్న చోట చేతులు కట్టుకుని నిలబడ్డాను.

సినాన్ వెనక నుంచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏంటన్నా, నడి బురదలో దించావ్? ఎండదెబ్బ తగిలిందా?"

"ఆ నీలం పూసినోడు మా షుల్ రా. యుద్ధం లేదు, గాడిద గుడ్డూ లేదు. హల్తున్ తగలబెట్టి తెచ్చారు. నేను ఎత్తను."

తెర వెనక రాజుకి వినపడాలనే గట్టిగా అన్నాను. ముందు వెళ్ళిన వాళ్ళు ఆగారు. కాబన్ బురద చిమ్ముకుంటూ వెనక్కి వచ్చాడు. మొదట తిట్టాడు, ఆ తిట్లు పక్కన పెట్టండి. తర్వాత నల్ల గాజురాయి కత్తి తీసి నా గుండె మీద పెట్టాడు. పొడుచుకో అన్నాను. పల్లకీ ఎనిమిది భుజాల లెక్కన కట్టింది, ఏడుగురు ఎత్తితే ఒక పక్కకి ఒరిగి రాజు బురదలో పడతాడు. ఈ సంగతి కాబన్‌కి నాకంటే బాగా తెలుసు. కత్తి అలాగే ఉంచి తన సైనికుల వైపు తిరిగి, వచ్చి దండె పట్టమన్నాడు. ఒక్కడూ కదల్లేదు. అందరూ తమ తమ చేతులవైపు చూసుకున్నారు. పిరికివెధవలని తిట్టి తనే దండె మీదికి చెయ్యి చాపాడు. బెత్తెడు దూరంలో ఆ చెయ్యి ఆగిపోయింది. మా నాన్న చూశానన్నవాడి కథ అతనికీ ఎవరో చిన్నప్పుడు చెప్పే ఉంటారు.

అప్పుడు షుల్‌ని ఇక్కడే పొడిచేస్తానన్నాడు. పొడువు, రాజు చేత్తో పీఠం మీద పోవాల్సిన ప్రాణం నీ చేత్తో బురదలో పోతే దేవుడికి నువ్వే జవాబు చెప్పుకో అన్నాను. ఈ కట్టుబాట్లన్నీ నేను పెట్టినవి కావు. వాళ్ళు పెట్టినవే వాళ్ళకి అడ్డం తిరిగాయి.

చివరికి సినాన్‌ని జుట్టు పట్టి లాగి, వాడి మెడ మీద కత్తి పెట్టి, నీ అన్నకి నువ్వు చెప్పు అన్నాడు. సినాన్ నాలాంటివాడు కాదు. ఉడుము పరుగెత్తినా ఉలిక్కిపడే రకం. నా వల్ల వీడు పోతాడనుకున్నాను. వాడు మెల్లిగా అన్నాడు:

"దొరా, నన్ను కోస్తే ఆరుగురే మిగుల్తారు. నాకు ముగ్గురు కూతుళ్ళు. ముగ్గురల్లుళ్ళు రావాలి. నేనూ ఎత్తను."

అని ఉన్నచోటే కూర్చున్నాడు. మిగతా ఆరుగురూ భుజాల మీద వేసుకునే మెత్తగుడ్డలు తీసి నడుముకి చుట్టుకున్నారు. పని అయిపోయాక మేము చేసేది అదే.

అప్పుడు తెర తొలగింది. ఇరవై రెండేళ్ళలో రాజు నాతో మాట్లాడడం అదే మొదలు. గొంతు మెత్తగా ఉంది. పేరు పెట్టి పిలిచాడు. అతను నీ అల్లుడని తెలిస్తే ఏరనిచ్చేవాణ్ణి కాదన్నాడు. నమ్మాను, నాతో అబద్ధమాడే అవసరం ఆయనకేముంది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు కదా, కాళ్ళ దాకా రాలేదు కాని ఆ దారిలోనే ఉన్నాడు.

"వాణ్ణి వదిలేస్తాను," అన్నాడు. "బదులు ఒకడు కావాలి. ఇక్కడ ఇంతమంది ఉన్నారు. ఒక్క పేరు చెప్పు టోక్. ఎవరిదైనా సరే. వాడికి నీలం పూస్తాం, నీ అల్లుడు ఇంటికి పోతాడు."

బోయీలు, సైనికులు, అందరి కళ్ళూ నా నోటి మీదికి వచ్చాయి. అప్పటిదాకా నా మీదికి బల్లేలు చాపి నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే అవి దించుతున్నారు. కాబన్ సినాన్ మెడ మీంచి కత్తి తీసేశాడు. నాకు కోపం తెప్పించకూడదని వాళ్ళకి ఒక్కసారిగా గుర్తొచ్చింది.

నేను దేవుణ్ణేమీ కాదు. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. కాబన్ పేరే. ఇంకో అల్లుడు దొరక్కపోడన్న మనిషి. ఆ పేరు అంటే చాలు, నా కూతురి మొగుడు సాయంత్రానికి కట్లు విప్పుకుని ఇంటిదారి పడతాడు. కాబన్ నా వంక చూస్తున్నాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అతనికి నలుగురు పిల్లలు, మా వీధి చివరే ఇల్లు, పెద్దది మా ముకుయ్‌తో కలిసి నేత నేర్చుకుంది. అతని పేరు చెబితే నేను పల్లకీ ఎత్తాలి. ఎత్తి, కొండ ఎక్కించి, ఆ పీఠం దగ్గర దించాలి. హల్తున్‌లో వీళ్ళు చేసిందీ అదే, చేతికందినవాణ్ణి ఇవ్వడం.

"నాకు మూడు మాటలే నేర్పారు దొరా," అన్నాను. "మనిషి పేరు అందులో లేదు. అంత అవసరమైతే తమరే చెప్పండి. వీళ్ళంతా వింటారు."

రాజు సైనికుల వైపు చూశాడు. ఎవరి మీదికి చూపు పోతే వాడు తల వంచుకున్నాడు. పేరు చెప్పి ఉంటే వాళ్ళే ఆయన్ని ఏదన్నా చేసేవాళ్ళని నాకు అనిపిస్తుంది. అది ఆయనకీ అర్థమైంది. నీడలు పొట్టివైపోతున్నాయి. కొండ మీద మొదటి శంఖం ఊదారు. రాజు మొహం ఎర్రబడింది. ముందుకు జరిగి కాళ్ళు కిందికి వేలాడేశాడు.

"నేనే నడుస్తాను. వాణ్ణి నడిపించండి," అన్నాడు.

షుల్ తాడు పట్టుకున్న ముసలి సైనికుడు, ప్రభూ, పాదం అన్నాడు. రాజు వినలేదు. పెచ్చు కట్టిన నేలని చూసి గట్టిదే అనుకున్నాడు. జీవితంలో ఎప్పుడన్నా ఆ దారిన నడిస్తే కదా తెలిసేది. ఆగమని చెప్పొచ్చు, నేను చెప్పలేదు. ఒక అడుగు వేశాడు, నిలబడింది. రెండో అడుగుకి పెచ్చు విరిగి తొడదాకా దిగిపోయాడు. పచ్చ ఈకల కిరీటం ఒక పక్కకి ఒరిగింది. కాలు లాక్కోబోతే రెండోదీ దిగింది.

చెయ్యి ఇవ్వమని కాబన్‌ని కేక వేశాడు. కాబన్ చెయ్యి సగం దాకా చాచి, దండె దగ్గర ఆగినట్టే అక్కడా ఆగిపోయాడు. రాజు ఒంటిని ముట్టుకున్న చెయ్యి ఉండదు, ఆ చట్టం రాజుదే. పైగా కాసేపటి క్రితమే తన సైనికుల్లో ఎవణ్ణైనా సరే అని బేరం పెట్టిన రాజు. ముప్పై మంది నిలబడి చూస్తున్నారు. కొండ మీద రెండో శంఖం ఊదారు. ఇక్కడి నుంచి జవాబు ఊదాల్సినవాడు శంఖాన్ని చంకలో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. నేను తల వంచి చూశాను. నా నీడ నా పాదాల కిందికి వచ్చి ఆగింది. మెల్లిగా రెండో వైపుకి బయటపడింది.

ముసలి సైనికుడు తాడు వదిలేశాడు. తర్వాత తనే వెనక్కి తిరిగి షుల్ కట్లు కోశాడు. ఎవరూ అడ్డుచెప్పలేదు. షుల్ నడిచొచ్చి నా పక్కన నిలబడ్డాడు. వాడి నోట మాట రాకపోవడం నేను చూసింది అదొక్కసారే. నేను వాడి మెడ పట్టుకుని ఏడ్చాను. నీలం నా చెంపలకంతా అయింది.

రాజుని అలాగే వదిలేసి పోదామన్నాడు సినాన్. ధైర్యం వచ్చినవాడికి అంతా సులువే. నా వల్ల ఎవరూ బురదలో చావడం నాకిష్టం లేదు. పల్లకీ నుంచి ఒక దండె ఊడదీసి అడ్డంగా చాపాం. ఆయన దాన్ని పట్టుకున్నాడు. మేమంతా లాగి రాయి మీదికి చేర్చాం. పూత లేని ఆయన చెయ్యి దండెకి తగిలింది, ఏమీ రాలిపోలేదు. ఆయన కూర్చుని, పల్లకీ తెర చింపి పాదాలు తుడుచుకున్నాడు. ఆ ఆనె చూసింది అప్పుడే.

"వానలు రావు టోక్," అన్నాడు, తల ఎత్తకుండానే. "ఊళ్ళకి ఊళ్ళు చస్తాయి. నీ ఒక్కడి వల్ల."

"రాకపోతే రానివ్వండి. మా వాణ్ణి కోసి తెచ్చే వాన నాకొద్దు."

మేము తొమ్మిది మందిమీ వచ్చిన దారినే వెనక్కి నడిచాం. ఎవరూ వెంటపడలేదు. రాజుకి ఏమీ కాలేదు. సైనికులు రెండు బల్లేలు కట్టి, తాము ముట్టుకోకుండా, వాటిని పట్టుకుని ఆయన్ని నడవమన్నారట. మేము నగరం చేరిన పూటే ఇళ్ళు వదిలేశాం. ముకుయ్ దారిలోనే, ఒక రాతి గుహలో ప్రసవించింది. ఆడపిల్ల. దక్షిణాన ఈ పెద్ద చెరువు ఒడ్డుకి చేరి, మేమంతా పక్కపక్కనే గుడిసెలు వేసుకున్నాం.

ఇప్పుడు మీరు అడగాలనుకుంటున్నది నాకు తెలుసు. వానలు రాలేదు. నిజమే చెబుతున్నాను. ఆ ఏడూ రాలేదు, మరుసటి ఏడూ రాలేదు. సక్‌టున్‌లో చెరువు పూర్తిగా ఎండిపోయింది. జనం మూటలు కట్టుకుని పోయినవాళ్ళు పోయారు, దారిలో రాలినవాళ్ళు రాలారు. అందులో నా చెల్లెలూ ఉంది. గుళ్ళ మెట్ల మీద గడ్డి మొలిచిందని చూసొచ్చినవాళ్ళు చెప్పారు. బతికి ఇక్కడిదాకా చేరినవాళ్ళు కొందరు నన్ను చూస్తే ఉమ్మేస్తారు. ఆ రోజు నువ్వు పల్లకీ ఎత్తి ఉంటే మావాళ్ళు ఉండేవాళ్ళు అంటారు. బిడ్డలు పోయినవాళ్ళు వాళ్ళు. వాళ్ళ నోటికి నేను అడ్డం పడను.

కాని ఒక్కటి అడుగుతాను. గుమ్మం దాకా వెళ్ళి అడుగుతాను. సరే, తప్పు నాదే, నా భుజం ఇంకా ఉంది, ఇప్పుడైనా మోస్తాను. ఎవరిని ఇద్దాం? మీ ఇంట్లోంచి ఒక్క పేరు చెప్పండి అంటాను. వాళ్ళు వెనక్కి తిరిగి ఇంట్లోకి చూస్తారు. లోపల ఒకరు మొక్కజొన్న రుబ్బుతుంటారు, ఒకరు పిల్లకి తల దువ్వుతుంటారు, ఒకరు పడుకుని గురకపెడుతుంటారు. ఎనిమిదేళ్ళుగా అడుగుతున్నాను. ఇప్పటిదాకా ఒక్క ఇంట్లోంచీ పేరు రాలేదు.